సగం హనుమంతుడు

మా డ్రాయింగు సారు పోయారు. పోయిన సోమవారం పొద్దున నేను అంగడి షట్టరు ఎత్తుతుంటే, ఎదురు టీ కొట్టాయన రోడ్డు దాటి వచ్చి, "పాపా, మీ సారు తెల్లారేసరికి పోయినాడంట" అన్నాడు. షట్టరు సగంలో వదిలేసి పరిగెత్తాను. పక్షవాతం వచ్చి నెలల తరబడి మంచంలో ఉన్న మనిషి, పోతారని అందరికీ తెలుసు. 

పామిడిలో ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకున్న వాళ్లు ఏ వీధికి వెళ్లినా కనబడతారు. మా అందరికీ గుర్తున్నది ఒకటే. ఆయన క్లాసులో రబ్బరు కనబడకూడదు. "గీత తప్పిందా? ఉండనీ. పక్కన ఇంకోటి గీయి. యాడ తప్పిందో కనపడాల కదా" అనేవారు. పరీక్షల్లో కూడా అంతే. మా మార్కులు ఏమయ్యాయని ఆయన్ను ఎవరూ అడగలేదు, అడిగే ధైర్యం ఎవరికుంది?

రిటైరయ్యాక రోజూ నా డీటీపీ అంగడికి వచ్చేవారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు వేసుకుని బతికేదాన్ని. వచ్చీ రాగానే టీ వన్ బై టూ చెప్పి, నా పత్రికల మీది వినాయకుడితో తగవు పెట్టుకునేవారు. "ఎవరి పెండ్లికైనా ఇదే మొగం పెట్టుకోనుంటాడు, ఈయనకు విసుగు రాదా పాపా?" అనేవారు. నాకు నవ్వూ వచ్చేది, పని చెడుతుందని కోపమూ వచ్చేది.

నేను స్కానరు కొన్నాక ఆయనకు నిద్ర పట్టలేదు. పక్క ఊళ్లో తోలుబొమ్మలాడే కుటుంబం ఒకటి ఉంది. ఆ ఇంటి పెద్దాయనతో సారుకు ఎప్పటినుంచో స్నేహం. ఆటలకు పిలిచేవాళ్లు తగ్గిపోయారు, బొమ్మలు మూటల్లోనే ఎండి పెళుసెక్కిపోతున్నాయి. వాటన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించాలని సారు పట్టుబట్టారు. మొదటి రోజు ఒక చిన్న బొమ్మను స్కానరు గాజు మీద పరిచాం. తెర మీద మట్టిరంగు ముద్ద ఒకటి వచ్చింది. సారు మొహం చిట్లించి, "ఇది సచ్చిపోయిన బొమ్మ పాపా. వెనక దీపం లేదు" అన్నారు.

ఆ తర్వాత వడ్రంగి చేత పెద్ద చట్రం చేయించి, దానికి తెల్లగుడ్డ బిగించి, వెనక ట్యూబులైట్లు పెట్టించారు. కాలేజీలో పనిచేసే తన పాత శిష్యుడి దగ్గర డిజిటల్ కెమెరా అడిగి తెచ్చారు. నిలువెత్తు బొమ్మ ఒక్క ఫోటోలో వివరంగా రాదు కదా, అందుకని చట్రానికి దారాలు కట్టి గళ్లు చేశారు. గడి గడికీ ఫోటో తీసి, కంప్యూటరులో నేను అతికించాలి. ఎండకు ముడుచుకుపోయిన తోలును తడిగుడ్డతో మెత్తపరిచి, అది సాగాక గానీ కెమెరా ముట్టుకోనిచ్చేవారు కాదు. మధ్యలో కరెంటు పోయేది. మళ్లీ వచ్చేదాకా ఇద్దరం విసనకర్రలతో కూర్చునేవాళ్లం.

ఒకరోజు పెద్దాయన మా పని చూడటానికి వచ్చాడు. తెర మీద వరసగా బొమ్మలు కనబడుతున్నాయి. సీతమ్మ పక్కనే రావణాసురుడు. పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా ఇది! ఈళ్లను ఒకే మూటలో పెట్టినారా? మా ఇండ్లల్లో ఎప్పుడూ పెట్టం. కొట్లాడతారు."

"మూట కాదు పెద్దాయనా, ఫోల్డరు" అన్నాను.

"ఏందైతే ఏంది, ఒకే తావున ఉండారు కదా!"

నేను నవ్వాను. సారు నవ్వలేదు. "ఇడగొట్టు పాపా" అన్నారు. దేవతలకు ఒక సీడీ, రాక్షసులకు ఒక సీడీ. నేను గొణుక్కుంటూనే మార్చాను. మార్చేలోపు కంప్యూటరు హ్యాంగయింది. పెద్దాయన నా వైపు ఒక చూపు చూశాడు, అంతే.

ఆ ఇంట్లో అన్నిటికన్నా పాతది హనుమంతుడు. పెద్దాయన తాత చేసిన బొమ్మ. చిల్లులు పడి, అంచులు రాలి, ఇక ఆడదు. ఆడలేని బొమ్మను వాళ్లు పారేయరు, అమ్మరు. తెల్లగుడ్డలో చుట్టి పక్కన పెట్టి, మనిషిని సాగనంపినట్టు పారే ఏట్లో వదులుతారు. కానీ పెన్నలో నీళ్లేవి? హనుమంతుడు ఏళ్లుగా మూటలో ఎదురుచూస్తున్నాడు. "బోరు నీళ్లల్లో యాడ వదులుతాం సారూ" అనేవాడు పెద్దాయన. నీళ్లు వచ్చేదాకా ఫోటోలు తీసుకోవచ్చని ఒప్పుకుని, మూట మా అంగడికి పంపాడు. ఏరు వచ్చిన రోజు మాత్రం ఇచ్చేయాలన్నాడు. సారు సరేనన్నారు. ఆ కిరీటం, ఆ తోక మీది చుక్కలు ఈ కాలంలో ఎవరి చేతికీ రావని, ఒక్క గీత కూడా పోకూడదని ఆయన తపన.

నడుము దాకా పూర్తయింది. కాళ్లు, తోక మిగిలాయి.

ఎగువన ఎక్కడో వాన పడి ఒక పొద్దున పెన్న వచ్చింది. ఊరంతా వంతెన మీద ఉంది. పెద్దాయన రొప్పుకుంటూ అంగడికి వచ్చాడు. "సారూ, ఏరు పారతాండాది. మూట ఇయ్యండి."

"రేపటిదాకా ఆగరాదా అన్నా? కాళ్లు తియ్యల్ల ఇంకా."

"రేపు ఏరు ఉంటాదా సారూ? మాట ఇచ్చినా ఆ సామికి. మీరూ ఇచ్చినారు నాకు."

కరెంటు లేదు. ట్యూబులైట్లు వెలగవు. బీరువా తాళం నా దగ్గరుంది. "ఇయ్యొద్దు సారూ, ఇంక దొరకదు" అన్నాను, పెద్దాయన వింటుండగానే. సారు చెయ్యి చాపారు. తాళం ఇచ్చాను. మూట ఆయనే తీసి, రెండు చేతులా పట్టుకుని వంతెన కిందికి నడిచారు. పంచె ఎగ్గట్టి మోకాలి లోతు దిగారు. పెద్దాయన కర్పూరం వెలిగించాడు, సారు మూట విప్పి వదిలారు. ఎర్రనీళ్ల మీద బొమ్మ ఒకసారి వెల్లకిలా తిరిగి, వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క రోజు ఆపి ఉంటే ఏమయ్యేదని చాలాకాలం సారుతో ముక్తసరిగా మాట్లాడాను. ఇప్పటికీ ఆ కాళ్లు తలచుకుంటే నాకు దిగులే. ఆయన చేసింది సరైనదని మాత్రం ఇప్పుడు అనగలను. బొమ్మ వాళ్లది, మాట ఈయనది.

తర్వాత పట్నం నుంచి ఒకాయన సీడీలు చూడటానికి వచ్చి, ఇంకో హనుమంతుడి కాళ్లు కంప్యూటరులో తెచ్చి అతికించి ఇస్తానన్నాడు. "వద్దు నాయనా. మాకు చిక్కింది ఇంతే. మిగిలింది పెన్నకు పోయింది. అట్లే కనపడనీ" అన్నారు సారు. సీడీలు గీతలు పడి చెడిపోతాయని ఏటేటా కొత్తవాటిలోకి ఎక్కించమని వెంటపడేవారు. నేను విసుక్కుంటే టీ చెప్పేవారు. ఈ రోజు ఆ బొమ్మలన్నీ ఉన్నాయంటే ఆయన వెంటపడబట్టే.

పోయిన నెల పెద్దాయన సారును చూడటానికి వచ్చాడు. చంకలో తెల్లగుడ్డ మూట. నేను అచ్చువేసి అతికించి ఇచ్చిన సగం బొమ్మను ముందు పెట్టుకుని, ఏడాది పాటు కొత్త హనుమంతుణ్ని చేసి తెచ్చాడు. కిరీటం, ఛాతీ తాతవి. నడుము కింద అంతా తన చేతి పని.

సారు లేచి కూర్చోలేరు. పెద్దాయన కిటికీ రెక్కలు పూర్తిగా తెరిచి, బొమ్మను ఎండకు అడ్డంగా ఎత్తి పట్టుకున్నాడు. ఎరుపు, పచ్చ, పసుపు రంగుల నీడలు సారు దుప్పటి మీద పడ్డాయి.

"కాళ్లు కొంచెం పొట్టిగా వచ్చినాయి సారూ" అన్నాడు పెద్దాయన.

సారు బాగున్న చేతిని మెల్లగా జరిపి, ఆ కాళ్ల నీడ పడిన చోట అరచెయ్యి తెరిచి పెట్టారు. మాట ముద్దగా వచ్చింది. "నీయి కదా... ఎగిరించు."

పెద్దాయన బొమ్మకు కట్టిన పుల్ల కదిలించాడు. ఎర్రటి పాదాలు సారు అరచేతిలోంచి లేచి, మళ్లీ అరచేతిలోకే దిగుతున్నాయి.  కిటికీలోంచి ఎండ తప్పుకునేదాకా పెద్దాయన బొమ్మను దించలేదు.