కుక్క వంతు

మా పుట్టింట్లో గొర్రెను కోస్తే బోటి కడిగే పని నాది. పెళ్లై తాండూరుకు వచ్చి పదిహేనేళ్లు దాటినా ఆ పనిని ఇంకొకరికి ఇవ్వలేదు. మర్పల్లి దగ్గరి మా ఊళ్లో కందులు ఇళ్లకు చేరాక చర్చిలో కోతల పండుగ జరుగుతుంది. ప్రార్థన కాగానే మా నాన్న వాకిట్లో గొర్రెను కోసి, పేగులూ కార్జమూ ఉన్న తట్టను నా ముందుకు తోస్తాడు. పేగులు తిప్పి కడగడంలో నన్ను మించినవాళ్లు మా చుట్టాల్లో లేరని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఒక్కోసారి కార్జం మీద తెల్లటి నీటి బుగ్గలు కనిపించేవి. కొన్ని రేగుపండంత, కొన్ని నిమ్మకాయంత. "వానకాలం గొర్రె నీళ్లు మస్తు తాగింది, గందుకే" అనేది అమ్మ. మేమూ అదే నమ్మాం. బుగ్గ ఉన్నంత మేర కోసి కుక్కకు వేసేవాళ్లం. మనుషులకు కూర ఉడకకముందే కుక్క వంతు కుక్కకు పడాలి, మందను కాసే కుక్క నోరు ఎండగట్టొద్దు అని మా నానమ్మ కాలం నుంచీ ఉన్న మాట. నేను ముక్క విసిరితే అది గాలిలోనే అందుకునేది. మా అమ్మాయి చప్పట్లు కొట్టేది, తర్వాత దాని మెడ కావలించుకుని కూర్చునేది. సెలవులకు అమ్మమ్మ ఊరికి వెళ్తే పొద్దంతా ఆ కుక్కతోనే.

పోయిన సంవత్సరం, ఎనిమిదో తరగతిలో ఉండగా, మా అమ్మాయి కుడి డొక్కలో నొప్పి అనడం మొదలుపెట్టింది. నేను చిన్నపిల్లల బడిలో టీచర్ని. సోమవారం పొద్దున ఇలాంటి నొప్పులు ఎన్ని పుడతాయో నాకు తెలుసు. నాటకమనుకుని వాము నమిలించి బడికి తోలాను. నెల తిరిగేసరికి పిల్ల అన్నం సగానికి తగ్గింది. అప్పుడు కంగారుపడి వికారాబాద్ తీసుకెళ్లి స్కానింగ్ చేయించాం.

"లివర్‌ల నీటి తిత్తి ఉందమ్మా, బత్తాయి అంత ఉంటది" అన్నాడు డాక్టరు. "ఇంట్ల కుక్క గిట్ల ఉందా?"

"మా ఇంట్ల లేదు సార్" అన్నాడు మా ఆయన. "మా అత్తగారింట్ల ఉంది. గొర్లు గూడ ఉన్నయి. పిల్ల సెలవులకు ఆడికే పోతది."

డాక్టరు మందుల చీటీ వెనక్కి తిప్పి కుక్కనూ గొర్రెనూ గీశాడు. కుక్క పేగుల్లో బియ్యపు గింజంత కూడా ఉండని బద్దెపురుగు ఉంటుందట. దాని గుడ్లు కుక్క మలంతో బయటపడి గడ్డికీ నీళ్లకీ కుక్క వెంట్రుకలకీ అంటుకుంటాయి. గడ్డితో పాటు గొర్రె మింగితే దాని కార్జంలో నీటి బుగ్గలు లేస్తాయి. ఆ బుగ్గలను కుక్క తింటే మళ్లీ పురుగులు పుడతాయి. కుక్కను నిమిరిన చేతులతో పిల్ల ఏదైనా తింటే ఆ బుగ్గ పిల్ల లోపల పెరుగుతుంది, అదీ ఏళ్ల తరబడి, చడీచప్పుడు లేకుండా. కూర తింటే రాదట. ఇన్నేళ్లూ కూర సరిగ్గా ఉడికిందా లేదా అనే చూశాను నేను.

"గొర్రెను కోసినప్పుడు ఆ బుగ్గలను మీరేం చేస్తరు?" అని అడిగాడు.

"వాళ్లింట్ల కుక్కకు ఏస్తరు సార్" అన్నాడు మా ఆయన.

వాళ్లింట్ల అన్నాడు. వేసే చెయ్యి ఆయన పక్కనే, నా ఒళ్లో ఉంది. కొంగు కింద దాచుకున్నాను. సబ్బుతో చేతులు కడుక్కోండ్రా అని రోజూ బడి దద్దరిల్లేలా అరిచేది నేనే.

కొన్ని వారాలు మాత్రలు వాడి, తర్వాత పట్నంలో ఆపరేషన్ చేయించాలన్నాడు డాక్టరు. "అందాక అది పగలొద్దు. పగిలితే లోపలి నీళ్లకు ఒళ్లు తట్టుకోదు, పానం మీదికొస్తది" అని ఆయన మామూలుగానే చెప్పాడు.

ఆ వారాలన్నీ నేను పిల్లకు కాపలా కాశాను. సైకిల్‌కు తాళం వేశాను. తాడాట బంద్. పిల్ల తుమ్మినా దగ్గినా లేచి నిలబడేదాన్ని. బోర్లా పడుకుంటుందేమోనని పక్కలో చెయ్యి పెట్టి పడుకునేదాన్ని. "నేనేమన్న గాజుగ్లాసునా మమ్మీ" అని వెక్కిరించేది. నవ్వకు, నవ్వితే కడుపు అదురుతుంది అని దాన్ని కసిరాను. కన్నపిల్లను నవ్వొద్దన్న తల్లిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

భయం లోపల పట్టక కోపమై బయటికి వచ్చింది. అమ్మకు ఫోన్ చేశాను. "నీ కుక్క, నీ గొర్రెలు, నీ దిక్కుమాలిన ఆచారాలు నా బిడ్డ ప్రాణం మీదికి తెచ్చినయి" అన్నాను. ఇంకా చాలా అన్నాను, రాయడానికి సిగ్గుగా ఉంది.

"నాదే తప్పు బిడ్డా" అంది అమ్మ. "నాకు ఎరిక లేకపాయె. నువ్వైతే ఫికరు చెయ్యకు, పిల్లను మంచిగ చూసుకో."

అక్కడితో ఆగానా? ఎవరు పలకరించినా అదే పాట. అత్తగారితో, తోటి టీచర్లతో, వీధిలో వాళ్లతో, అంతా మా అమ్మ వాళ్లింటి నిర్వాకమేనని చెప్పాను. నాన్న పశువుల డాక్టరు దగ్గర కుక్కకు మాత్రలు తెచ్చి వేశాడనీ, ఇకనుంచి బుగ్గలు కనిపిస్తే లోతుగా గుంత తీసి పూడ్చేస్తామన్నాడనీ తెలిసినా నా నోరు మూతపడలేదు. చెప్పిన ప్రతిసారీ కాసేపు ఊపిరాడేది. తర్వాత చెప్పడానికి ఇంకొకరిని వెతుక్కునేదాన్ని.

ఆపరేషన్‌కు బస్సులో పోవడానికి నేను ఒప్పుకోలేదు. బండల లారీలూ సిమెంటు లారీలూ తిరిగి గుంతలు పడ్డ ఆ రోడ్డు మీద కడుపులో బుగ్గ ఉన్న పిల్లను ఎలా కూర్చోబెడతాను? రైలెక్కాం. వికారాబాద్‌లో అమ్మ ఎక్కింది. జొన్నరొట్టెల మూట మా ఆయన చేతికిచ్చి, పిల్ల తలను నిమరబోయి, నావైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. పట్నం చేరేదాకా నేను ఆమెతో మాట్లాడలేదు.

ఆసుపత్రిలో పిల్లను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లాక నేను తలుపు ముందు కాలు కాలిన పిల్లిలా తిరిగాను. తీసేటప్పుడే చిట్లుతుందేమో, చిట్లితే ఇంతమంది డాక్టర్లున్నా ఆగుతుందా, ఇదే ఆలోచన. మా ఆయన చాయ్ తెచ్చాడు, అది చల్లారిపోయింది. అమ్మ గోడవారన కూర్చుని పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది.

ఎంతసేపటికో పెద్ద డాక్టరు బయటికి వచ్చాడు. "పాప మంచిగుంది. సూదితో నీళ్లు లాగి, మందు పోసి, పొర మొత్తం తీసినం. ఒక్క చుక్క బయట పడలె" అన్నాడు. నర్సు చేతిలోని స్టీలు గిన్నెను మాకు చూపించాడు. అందులో ఆ తిత్తి తెల్లగా, పలచగా, కోడిగుడ్డు లోపలి పొరలా ముడుచుకుని ఉంది. మా ఆయన మొహం తిప్పుకున్నాడు. నాకు మాత్రం అది కొత్త వస్తువేం కాదు. ఎన్ని పండుగలకు దాన్ని ఈ వేళ్లతో ఎత్తానో.

ఏడుపు ఆగలేదు. వెళ్లి అమ్మ పక్కన కూలబడ్డాను. "అమ్మా, కుక్కకు ఏసింది నేనే. ప్రతి పండుగకూ నేనే ఏసిన. నీ మీద పెట్టి అందరికీ చెప్పిన" అన్నాను.

అమ్మ నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

"నాకెరికే బిడ్డా. నేను పొయ్యికాడనే ఉంటుంటి గదా, సూడలేదా" అంది. "నువ్వు నిన్నే తిట్టుకుంట కూసుంటే పిల్లను ఎవలు సూస్తుండె? గందుకే, నన్నే తిట్టనీ అనుకున్న."