పారేసిన ఫైలు, పారేసిన జాడీ

ఈ రోజు మా సింగానల్లూరు ఇంట్లో కంప్యూటరు చదువుల సంగతి తేలిపోయింది. మనవరాలు కవిత ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తుంది. సాయంత్రంలోగా పని అప్పగించకపోతే కొత్త ఉద్యోగం నిలవదేమోనని నాకు పొద్దుటి నుంచీ ఒకటే దడ. ఏదో ప్రోగ్రాము ఎక్కిస్తుంటే, దానికి కావలసిన ఫైళ్లు ఒక్కొక్కటే దిగుతూ దిగుతూ ఉన్నట్టుండి ఆగిపోయాయి.

"ఇవన్నీ యాడ నుంచి వస్తా ఉండాయి, కన్నూ?"

"తలా ఒక దేశం నుంచి అవ్వా. ఆగిపోయిన ఈ ఫైలు మాత్రం ఎవరో సొంత సైటులో పెట్టినారు, ఇప్పుడు తీసేసినారు."

"ఎవురు వాళ్లు?"

"నాకేం తెలుసు?"

పేరూ ఊరూ తెలియనివాళ్లను నమ్ముకుని జీతం తీసుకునే చదువులు! మేము పెరుగు తోడుకైనా ఏ ఇంటిదని అడుగుతాం.

"పోయిన తూరి దించింది ఇంట్లో లేదా?"

"దించినప్పుడు కంప్యూటరే ఒక కాపీ దాచిపెట్టుకుంటుంది, ముందు అక్కడే వెతుకుతుంది. చోటు చాల్లేదని నిన్న నేనే అంతా తుడిచేస్తిని."

నిన్న అటక మీది నా పాత చింతపండు జాడీని పారేసింది కూడా ఈ మహాతల్లే. "ఎందుకవ్వా ఈ కుప్ప?" అని నవ్వింది.

చివరికి ఆఫీసులో ఇంకో పిల్ల తన కంప్యూటర్లో దాచుకున్న ఫైలు పంపితే పని గట్టెక్కింది. ఆ పిల్ల ఇంట్లో నాలాంటి ముసలిది ఒకతి తప్పకుండా ఉండి ఉంటుంది.

మీ ఇళ్లలో జాడీలు భద్రమేనా? ఒకసారి అటకెక్కి చూసి చెప్పండి.