ఎర్రగీత మీద కుంకుమ

మా చిన్నాయన దగ్గర స్వాతంత్ర్యానికి ముందునాటి కారొకటి ఉండేది. దాని రేడియేటరు మూత మీద గుండ్రటి గాజుబిళ్ల, లోపల సన్నటి గొట్టం. నీళ్లు వేడెక్కేకొద్దీ గొట్టంలో ఎర్రగీత పైకి లేస్తుంది. సీట్లోంచి దాన్ని చూసుకుంటూ నడపాలి; పైదాకా ఎక్కితే ఆపి చల్లారనివ్వాలి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆయన చూపు బాగా తగ్గాక, మా ఊరు చింతామణిలో ఆ కారు నేనే నడిపేవాణ్ణి. ఆయనకు మిగిలిన సరదా అదొక్కటే.

ఆయుధపూజకు చిన్నమ్మ కారుకు పసుపు పూసి, బొట్టు మాత్రం ఆ గాజు మీద పెట్టేది. కారుకు ముఖం అదేనని ఆమె లెక్క. ఆ ఏడు కుంకుమను నూనెతో కలిపి గాజంతా నిండేలా రెండువైపులా పెట్టింది. ఆ వారమే బాగేపల్లిలో పెళ్లికి బయల్దేరాం.

"గీత యాడుండాదిరా?" పక్కన కూర్చున్న చిన్నాయన అడిగాడు.

"కిందనే ఉండాది చిన్నాయనా."

"సరిగ్గా చూడు. పెండ్లికూతురు మాదిరి సిగ్గుపడి దాక్కుందేమో."

"కనపడతాండాది."

నాకు కనపడింది కుంకుమే. శుభకార్యానికి పోతూ బొట్టు చెరపకూడదని సర్దిచెప్పుకున్నాను. నిజానికి ముందు రాత్రంతా పేకాటలో కూర్చున్నాను. దిగి తుడవడానికి ఒళ్లు బరువైంది. ఆయన అడిగినప్పుడల్లా అదే జవాబు. మిట్ట ఎక్కుతుండగా మూత సందుల్లోంచి ఆవిరి బుస్సుమంది. ఇదొక్కటి దాటిస్తే చాలనుకుని తొక్కాను. ఇంజను పట్టేసింది.

ఎందరికి చూపించినా మళ్లీ తిరగలేదు. పరామర్శకు వచ్చినవాళ్లతో చిన్నాయన, "వీడు చూస్తానే ఉన్నాడప్పా. ఆ గాజే పాడై అబద్ధం చెప్పింది" అనేవాడు. నేను పక్కన నిలబడి తల ఊపేవాణ్ణి.

ఒకరోజు ఆయన ఆ మూత తెప్పించి, మరిగే నీళ్లలో పెట్టి చూడమన్నాడు.

"నా బొట్టు ఇంకా అట్లే ఉండాదే!" అంటూ చిన్నమ్మ తుడిచి, నీళ్లలో పెట్టింది. "ఎక్కతాండాది గదా! చక్కగా ఎక్కతాండాది."

చిన్నాయన నా వైపు తిరిగాడు. "బొట్టు చాటున ఏం చూస్తివిరా?"

"చూడలేదు చిన్నాయనా."

"కనపడలే అనుంటే నేనే దిగి తుడిచేటోణ్ణి గదా" అన్నాడు. తిట్టలేదు.

చాన్నాళ్ల తరవాత, చిక్కబళ్లాపురంలో కంటి డాక్టరుకు చూపించాలని ఆయన్ను చింతామణి బస్టాండుకు తీసుకెళ్లాను. బస్సు వచ్చి ఆగింది.

"ఇదే చిన్నాయనా, ఎక్కు" అన్నాను.

నా భుజం మీది చేయి తీయకుండానే, ఆయన అవతల నిలబడ్డ మనిషిని అడిగాడు: "ఇది చిక్కబళ్లాపురం బస్సేనా అప్పా?"