పొగగొట్టంలో అన్నయ్య కుంచె

మా వంటింటి పొగగొట్టాన్ని ఏటా వానలకు ముందు అన్నయ్యే శుభ్రం చేసేవాడు. గ్యాస్ ఉన్నా మాకు అన్నం, వేడినీళ్లు, గేదె కుడితి అన్నీ పొయ్యి మీదే. పొయ్యిలోకి పలాస నుంచి బస్తాల్లో తెచ్చిన జీడి తొక్క. చవగ్గా దొరుకుతుంది, భగ్గున మండుతుంది. పొగలో ఉండే జీడి జిగురు మాత్రం గొట్టం గోడలకు తారులా పట్టేస్తుంది. ఇంకెవరూ ఇళ్లలో జీడి తొక్క కాల్చరనుకుంటాను. ఈ తెలివి మా ఉద్దానం వాళ్లకే.

పాత సైకిల్ చువ్వలు కట్టగట్టి అన్నయ్య ఒక కుంచె చేసుకున్నాడు. దాని కింద బరువుకు వేలాడే గునపం ముక్క, పైన బావి గొలుసు. డాబా ఎక్కి దాన్ని గొట్టంలోకి దింపేవాడు. చివరిసారి ఎక్కేనాటికి కిడ్నీలు పాడై, డయాలసిస్ చేయించుకుంటున్నాడు. వద్దంటే వినే మనిషా? ఆ రోజు కుంచె గొట్టం మధ్యలో ఇరుక్కుంది. ఎంత లాగినా రాలేదు. ఆయాసపడుతూ దిగివచ్చి, "ఒగ్గీండి. ఓపికొచ్చాక నేనే తీత్తాను" అన్నాడు. ఆ ఓపిక రాలేదు. మూడు వారాలకు పోయాడు.

తర్వాత గాలి వీచినప్పుడల్లా గునపం ముక్క లోపలి గోడకు తగిలి టక్కుమనేది. వదిన వంట ఆపి పైకి చూసేది.

"గాలి వదినా" అన్నాను ఒకసారి.

"నాకు తెల్దేటి మరిదీ? అయినా ఉండనీ. తనే తీత్తానన్నాడు కదా."

పొగ వెనక్కి తన్ని వంటిల్లంతా నల్లబడింది. వదినకు దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తులు పాడవుతున్నాయి, ఆ పొగలో ఉండొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. గ్యాస్ మీద వండమంటే వినదు, గొట్టం ముట్టుకోనివ్వదు. అన్నయ్య పోయాడు, ఇక ఈవిడ కూడానా అని నాకు భయం వేసింది. కోపమూ వచ్చింది.

వదిన సోంపేట వెళ్లిన రోజు ఆవిడకు చెప్పకుండా డాబా ఎక్కాను. నేనూ మొదట గొలుసు పట్టి పైకి లాగి చూశాను. అప్పటికిగానీ అర్థం కాలేదు. పైకి లాగేకొద్దీ చువ్వలు గొడుగులా విచ్చుకుని గోడను ఇంకా గట్టిగా పట్టుకుంటున్నాయి. అన్నయ్య ఒంట్లో మిగిలిన బలమంతా పెట్టి దాన్ని బిగించాడన్నమాట. పొయ్యిలో కొబ్బరి పీచుతో చిన్న సెగ పెట్టి గోడల మీది జీడి మెత్తబడేదాకా ఆగాను. మంట ఆర్పేసి, పైనుంచి వెదురుగడతో కిందికి పొడిచాను. నాలుగు పోట్లకు కుంచె, గొలుసు, గునపం ముక్క అన్నీ పొయ్యిలో పడ్డాయి. ఇంత సులువైన పనికి ఆ రోజు నేను తోడు వెళ్లలేదే అని అక్కడే కూర్చుని ఏడ్చాను.

సాయంత్రం వదిన వచ్చి పొయ్యి వెలిగించింది. పొగ తిన్నగా పైకి పోయింది. పెరట్లో కొబ్బరి మట్టలు కొట్టుకునేంత గాలి వీస్తోంది. ఆవిడ గరిటె కింద పెట్టి చాలాసేపు పైకి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"పొగ బాగా పోతంది మరిదీ" అంది. "దాంతో పాటు మీ అన్నయ్యనీ పంపీసినావు."

ఇప్పుడు వదినకు దగ్గు తగ్గింది. గాలి లేచినప్పుడు మాత్రం వంట ఆపి పైకి చూస్తుంది. ఏమీ వినబడదు. అది గాలేనని చెప్పిన నేను కూడా చూస్తాను.