పడవ తలుపుకు పెట్టిన తూటు

జిద్దాలో చలిపొయ్యి బిగించే పని వచ్చిందంటే ఎవరైనా నవ్వుతారు. మా క్యాంపులో అందరూ నవ్వారు. డిసెంబరులో కూడా ఫ్యాన్ లేకుండా నిద్రపట్టని ఊరు అది. నేను మాత్రం నవ్వలేదు. పొయ్యి, చిన్న గది, మూసిన తలుపు, ఈ మూడూ ఒకచోట వినగానే నాకు భయమేసింది.

పని చెప్పింది ఒక తెల్లాయన. సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంటులో ఇంజనీరు. కాంట్రాక్టు ముగిసింది. అందరిలా విమానం ఎక్కకుండా, ఆయనా భార్యా తమ చిన్న తెరచాప పడవలోనే ఉత్తరానికి పోయి, ఓడలు పోయే పెద్ద కాలువ దాటి, వాళ్ల దేశం చేరుకుంటారట. ఊరంతా ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి. పై సముద్రాల్లో చలి ఎక్కువ కాబట్టి పడవ కడుపులో ఇద్దరూ పడుకునే గదిలో డీజిల్‌తో మండే పొయ్యి పెట్టాలి, దాని పొగగొట్టం పైకప్పులోంచి బయటికి తీయాలి. నేను ఏసీ డక్టులు చేసే రేకుపనివాణ్ణి. రేకు వంచడం, అతుకు వేయడం, సందు కనిపిస్తే టేపు వేసి మూయడం, ఇదే నా బతుకు. గాలి కారకుండా మూయడంలో నన్ను మించినవాడు లేడని నాకు పొగరుండేది. ఆ పొగరు ఉత్తరాన చలి ప్రాంతమైన తబూక్‌లో పోయింది.

తబూక్ సంగతి ముందు చెప్పాలి. లేకపోతే నా భయం పిచ్చిలాగే కనిపిస్తుంది.

అది పక్క దేశంతో యుద్ధం నడుస్తున్న చలికాలం. అక్కడి మిలిటరీ క్వార్టర్లకు మేం డక్టులు వేస్తున్నాం. సైరన్ మోగినప్పుడల్లా విషపు గ్యాసు వస్తుందని పుకారు. ఆఫీసర్లకు మాస్కులు ఇచ్చారు, మాకు ఇస్తామని మాట ఇచ్చారు. అందాకా కిటికీలూ తలుపులూ టేపుతో మూసుకొని పడుకోమన్నారు. ఆ పని నాకంటే బాగా ఎవరికొచ్చు? పనిలో వాడే వెండిరంగు టేపు తెచ్చి క్యాంపులో చాలా గదులు నేనే మూశాను. మా గదిని అన్నిటికంటే శ్రద్ధగా మూశాను.

ఆ గదిలో ఇద్దరం. రెండో అతను జగిత్యాల వైపు మేస్త్రీ, నాకంటే నాలుగేళ్లు చిన్న. తబూక్ చలికి చేతులు కొంకర్లు పోతాయి కాబట్టి ఖాళీ నూనె డబ్బాలో బొగ్గులు రాజేసి మంచాల మధ్య పెట్టుకునేవాళ్లం. ఆ సాయంత్రం సైరన్ మోగింది. నేను తలుపు కింద మిగిలిన సందుకు టేపు వేస్తుంటే అతను అన్నాడు.

"అన్నా, గా కింద జరంత ఇడిసిపెట్టు. గాలాడుతలేదు."

"గాలి అచ్చినకాడికెల్లే గ్యాసు గూడ అస్తది. సప్పుడుజెయ్యక పండు," అన్నాను.

నవ్వి ముసుగు తన్ని పడుకున్నాడు. మా ఇద్దరి మధ్య అదే ఆఖరి మాట.

తెల్లారి లేద్దామంటే కాళ్లు రాలేదు. తల పగిలిపోతోంది. పాక్కుంటూ పోయి తలుపు లాగి గడప మీదే వాంతి చేసుకున్నాను. అతను లేవలేదు. యుద్ధపు గ్యాసు మా దగ్గరికి రానే లేదు, మా బొగ్గుల గ్యాసు మాత్రం గదిలోంచి బయటికి పోలేదు. నాది తలుపు పక్క మంచం. తర్వాత చూస్తే నా తలకు జానెడు దూరంలో, తలుపు మూలన, టేపు అంటుకోక చిన్న సందు మిగిలిపోయింది. సరిగ్గా మూయని ఆ ఒక్క సందు వల్ల నేను బతికాను. కాగితాల్లో గుండె ఆగిందని రాశారు. ఇంటివాళ్లు యుద్ధంలో పోయాడనుకున్నారు. నేను అవుననలేదు, కాదనలేదు.

ఆ తర్వాత మూడో చలికాలానికి ఈ పడవ పని. పాస్‌పోర్టు కఫీల్ అనే యజమాని బీరువాలో ఉన్నవాడు వద్దనే మాట అనలేడు, ఫోర్‌మన్ పంపితే పోవడమే. మొదటి రెండు రోజులు పని బాగానే సాగింది. చెక్కగోడకు వేడి తగలకుండా స్టీలు రేకు కొట్టి, దాని ముందు పొయ్యి బిగించాను. తెల్లాయన భార్య రెండుసార్లు చాయ్ ఇచ్చింది. నేను కప్పు పట్టుకొని బయటికొచ్చి తాగాను. పనుంటే తప్ప ఆ గదిలో కూర్చోలేను.

మూడో రోజు గొట్టం కోసం పైకప్పు కోశాను. తెల్లటి పొడి లేచింది. పడవ ముందువైపు కప్పులో, లోపలికి గాలి రావడానికి ఒక మూతి ఉంది. దానిలోంచి సముద్రపు గాలి దూరి ఆ పొడినంతా వాళ్ల పరుపుల మీదికి కొడుతోంది. ఏదో చేశాను, పొడి ఎగరడం ఆగింది. ఏం చేశానో అప్పుడు నా మనసుకు ఎక్కలేదు.

గొట్టం బిగించడం అయ్యాక, పొయ్యి వెలిగించి తలుపులన్నీ వేసుకొని గంటసేపు లోపలే కూర్చుంటానన్నాను. జిద్దా ఎండలో ఇదేం పరీక్ష అని తెల్లాయన నవ్వి, డబ్బా పట్టుకొని డీజిల్‌కు వెళ్లాడు. ఆవిడ గట్టు మీద అట్టపెట్టెలు సర్దుతోంది. నా చేతిపనిని నమ్మి ఇద్దరు నిద్రపోబోతున్నారు, ముందు నేను కూర్చోవాలి అనుకున్నాను.

చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. పావుగంటకు కణతలు కొట్టుకోవడం మొదలైంది. భయపడ్డవాడికి తాడు కూడా పామే, ఏం లేదులే అని సర్దిచెప్పుకున్నాను. మంట వైపు చూశాను. మొదట నిటారుగా మండిన మంట ఇప్పుడు ఎర్రబడి, బద్ధకంగా ఊగుతూ మసి కక్కుతోంది. ఆ పొయ్యి గదిలోని గాలితోనే మండుతుంది. గాలి చాలడం లేదన్నమాట. తల ఎత్తి చూశాను. గాలి వచ్చే మూతికి వెండిరంగు టేపు. నాలుగు మూలలా గోటితో నొక్కి, ముడత లేకుండా. అలా నొక్కేవాడు ఆ పడవలో నేనొక్కణ్ణే.

పై ప్రాణాలు పైనే పోయాయి. టేపు ఎలా పీకానో, మెట్లెలా ఎక్కానో తెలియదు. పైన కూలబడి గాలి పీల్చుకున్నాను. ఈ టేపు పీకేశాను సరే, రేపు చలి కొరికినప్పుడు వాళ్లే ఆ మూతిలో గుడ్డ కుక్కితే? చలిలో మనిషి ముందు చేసే పని అదే. నాకు తెలియదా.

లోపలికి దిగే మెట్ల దగ్గర తలుపుగా ఒకదానిపై ఒకటి నిలబెట్టే టేకు పలకలు ఉన్నాయి. అట్టడుగు పలక తీసి, ఎవరినీ అడక్కుండా, కింది అంచు దగ్గర అరచేయంత తూటు కోశాను. అలల నీళ్లు లోపలికి చిమ్మకుండా బయటి వైపు రేకు వంచి చిన్న చూరు పెట్టాను. మూయడానికి మూత పెట్టలేదు.

తెల్లాయన డీజిల్‌తో వచ్చి పలక చూసి ఎర్రగా అయిపోయాడు. నా పడవకు తూటు పెట్టమని ఎవరు చెప్పారన్నాడు. కంపెనీకి ఫోన్ చేస్తానన్నాడు. చేస్తే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి నన్ను ఊరికి పంపిస్తారు. అయినా ఆ పలక చేతిలోంచి వదల్లేదు. నాకున్న నాలుగు ఇంగ్లీషు ముక్కలతో, పీకిన టేపు చూపించి, మూడేళ్లుగా ఎవరికీ చెప్పని మాట చెప్పాను.

"సర్, తబూక్, వార్ టైమ్. స్మాల్ రూమ్, ఫైర్. మై ఫ్రెండ్ సే, లిటిల్ ఓపెన్. ఐ క్లోజ్. మై హ్యాండ్ క్లోజ్. మార్నింగ్, హీ ఫినిష్."

చెప్పేసరికి ఏడుపొచ్చింది. పరాయివాళ్ల ముందు ఏడ్చాననే సిగ్గు కూడా వేయలేదు. తెల్లాయన టేపు ముక్కను తిప్పితిప్పి చూశాడు. ఫోన్ మాట మళ్లీ ఎత్తలేదు. ఆవిడ పలకను దాని చోట నిలబెట్టి, లోపలికి దిగి మోకాళ్ల మీద కూర్చొని, తూటు ముందు అరచెయ్యి పెట్టింది. గాలి తగులుతోందన్నట్టు భర్త వైపు తలూపింది.

తర్వాత పెట్టెల మీద రాస్తున్న నల్లరంగు మార్కర్ తెచ్చి నా చేతికిచ్చింది. చలికి మేం దీన్ని మూస్తామేమో, మూయకుండా ఏదైనా రాసిపెట్టు, నీ భాషలోనే రాయి, చూసినప్పుడల్లా నువ్వు గుర్తొస్తావంది. పలక లోపలి వైపు, తూటుకు పైన, ఎండిన టేకు మీద మెల్లగా రాశాను. ఏం రాశావని అడిగింది.

"డోంట్ క్లోజ్, మేడమ్," అన్నాను.

పలక మీద రాసింది మాత్రం తబూక్‌లో అతనన్న మాట. అన్నా, గా కింద జరంత ఇడిసిపెట్టు.