పెనం దగ్గర బూట్లు

పోయిన నెల ఒక ఉదయం అత్తయ్య ఫోన్ చేసి ఒక్క మాటే అంది: "మీ మావయ్య ఎలిపోయేడే." గుండె ఆగిందట. ముందురోజు దాకా పనిలోనే ఉన్నాడు. ఏడ్చాను. ఏడుస్తూనే కాస్త గర్వపడ్డాను కూడా.

మా మేనమామ దేవరాపల్లి వైపు బెల్లం వండేవాడు. సీజనంతా చెరకురసం కాచే పెద్ద పెనం పక్కన నిలబడే పని. పాకం ఎప్పుడు దించాలో ఆయన కంటికే తెలిసేది. ఏళ్ళ తరబడి అలా నిలబడి పిక్కల మీద రక్తనాళాలు తాళ్ళలా ఉబ్బాయి. వెరికోస్ వెయిన్స్ అన్నారు. అనకాపల్లిలో ఆపరేషన్ చేయించుకున్నాడు. ఉబ్బు పోయింది, నొప్పి పోయింది. ఎడమ చీలమండ లోపలివైపు స్పర్శ కూడా పోయింది.

ఎంతగా పోయిందో పెనం దగ్గరే బయటపడింది. బెల్లం వండే ఆ పాకలోకి ఎవరూ చెప్పులతో వెళ్ళరు, పొయ్యి లక్ష్మి అంటారు. ఓ రోజు నిప్పుకణిక ఎగిరి ఆయన ఎడమ చీలమండ మీద పడింది. ఆయన పాకం కలుపుతూనే ఉన్నాడు. పక్కవాళ్ళు అరిస్తే అప్పుడు చూసుకున్నాడు.

పుండు మానడానికి నెలలు పట్టింది. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి నేనే తోడు వెళ్ళాను. తీసిన రక్తనాళం పక్కనే స్పర్శ తెలిపే నరం ఉంటుందని, ఒక్కోసారి దెబ్బ తింటుందని, మెల్లగా కోలుకోవచ్చు, కోలుకోకపోనూవచ్చని చెప్పాడాయన. సంతకం పెట్టిన కాగితంలో ఇదంతా ఉందన్నాడు.

"కాగితం మీది బాబూ, కాలు నాది. నోటితో సెప్పాల," అన్నాడు మావయ్య, గొంతు పెంచకుండానే. "ముందే తెలిత్తే కాలు సూసుకుందును గదా. రేపొచ్చినోడికైనా సెప్పండి."

డాక్టరు చెబుతానన్నాడు.

ఇంట్లో కూర్చోమని అందరం బతిమాలాం. వినే మనిషా! మందపాటి బూట్లు కొనుక్కుని తిన్నగా పెనం దగ్గరికే వెళ్ళాడు. పాక యజమాని మండిపడ్డాడు.

"పెనం కాడికి బూట్లేటి బావా? ఇప్పు!"

"లచ్చిమికి బెల్లం కావాల గానీ నా కాలెందుకు బావా? ఇప్పమంటే తెడ్డు నువ్వే అట్టుకో."

పాకం మరుగుతోంది. యజమాని వెనక్కి తగ్గాడు. ఆ సీజనంతా ముఖం ముడుచుకునే తిరిగాడు.

మావయ్య రోజూ సాయంత్రం అత్తయ్య అద్దంలో కాలంతా చూసుకుని, తెలియని దెబ్బలేమైనా ఉన్నాయేమోనని వెతుక్కునేవాడు. పిక్కలు ఉబ్బినవాళ్ళు ఎవరు కనిపించినా ఒకటే మాట: "ఆపరేషన్ సేయించుకోండి. అడగడం మాత్రం మానకండి." నాకు నోరు లేదని పేరు. ఇప్పుడు ఎవరు సంతకం పెట్టమన్నా చదివి చెప్పమంటాను. అది ఆయన చలవే.

కర్మకాండ అయ్యాక పాకకి వెళ్ళాను. పెనం మరుగుతోంది. ఆయన బూట్లు గోడవార ఉన్నాయి. ఎడమదాని మీద కాలిన మచ్చలు, ఆ కాలికి తెలియని నిప్పులన్నీ. నేను అలవాటుగా గుమ్మంలో చెప్పులు విప్పబోయాను.

"ఇప్పకమ్మా, నిప్పులున్నాయి," అని పొయ్యి దగ్గర నుంచి యజమాని కేకేశాడు. ఆయన కాళ్ళకీ బూట్లున్నాయి.