నోరు నొక్కిన రాడార్

మా ఆయన్ని ఆయన నడిపే బస్సులో బిగించిన ఆ రాడార్ డబ్బానే బతికించిందట. పరామర్శకొచ్చిన ప్రతివాళ్లదీ ఇదే పాట. మా ఆడపడుచైతే దానికి హారతివ్వడమొక్కటే తక్కువ. "ఒంటికేమీ తగిలించకుండానే గుండె కొట్టుకోవడం, ఊపిరి తియ్యడం పసిగట్టేస్తుందంట వదినా! అది లేకపోతే అన్నయ్య మనకి దక్కేవాడా?"

దక్కించింది డబ్బా కాదమ్మా. ఛాతీ పట్టేసి చెమటలు కారిపోతున్నా, నలభైమంది పెళ్లివాళ్లున్న బస్సుని కంకిపాడు దాటాక పక్కకి తీసి, హ్యాండ్‌బ్రేకు వేసి మరీ స్టీరింగు మీద వాలిపోయాడు మా ఆయన. ఆటో ఆపి ఆసుపత్రికి చేర్చింది పెళ్లికూతురి మేనత్త. డబ్బా కిక్కురుమనలేదు.

ఎందుకనలేదో ట్రావెల్స్ ఆఫీసుకెళ్లి అడిగాను. డ్రైవరుకి ఎదురుగా బిగించిన కొత్తల్లో, తేడా కనిపిస్తే అది కీచుమని అరిచేదట. శుభమా అని పెళ్లికెళ్తుంటే ఈ అరుపేంటి, అపశకునం అని పెళ్లివాళ్లు గొడవ పెట్టారట. మేనేజరుగారు చక్కగా దాని నోరు నొక్కేశారు. ఇక బస్సులో చప్పుడుండదు, ఆఫీసు తెర మీద మాత్రం ఎర్రగా వస్తుంది.

"మరి మా ఆయనది వచ్చిందా?"

"ఆయన పడిపోకముందు తొమ్మిది రోజుల్నించీ అప్పుడప్పుడూ వచ్చింది మేడమ్. రోడ్డు గతుకులకేమో అనుకున్నాం."

"తొమ్మిది రోజులూ గతుకులేనా? మనిషిని పిలిచి ఒక్క మాట చెప్పడానికేం రోగం?"

"ముహూర్తాల సీజన్ మేడమ్, డ్రైవర్లు దొరకరు. చెబితే భయపడి..."

"భయపడి డాక్టరు దగ్గరికెళ్లేవాడు. అదేగా మీ భయం?"

టీ తెప్పించమంటారా అన్నాడు మేనేజరు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన మంచం మీంచే, "వాళ్లతో గొడవెందుకే? మళ్లీ డ్యూటీకి పిలవాలిగా" అన్నాడు. అప్పుడొచ్చినంత కోపం మేనేజరు మీద కూడా రాలేదు నాకు.

గుండె లయ ఎప్పట్నించి, ఏ వేళల్లో తప్పుతోందో తెలిస్తే వైద్యం తేల్చుకోవడం తేలికంటున్నారు డాక్టరుగారు. ఆ తొమ్మిది రోజుల రికార్డు ప్రింటు తీసిమ్మని మూడుసార్లు తిరిగాను. కంపెనీ డేటా అట, బయటివాళ్లకి ఇవ్వకూడదట! నేను డిగ్రీలో ఫిజిక్సు చదివినదాన్ని. ఆ తరంగం వెళ్లి తగిలింది మా ఆయన ఛాతీకి, మోసుకొచ్చింది మా ఆయన గుండె కబురు. ఆ కబురుకి మేం బయటివాళ్లమా?

ఇవ్వరు. ఇస్తే పదో రోజు, అంటే ఆయన వాలిపోయిన రోజు పొద్దున, తెర మీద ఏముందో కూడా బయటపడుతుంది కదా. ఆ పొద్దున బస్సు తాళాలు మా ఆయన చేతిలో పెట్టినవాడు తెర చూసే పెట్టాడా, చూడకుండా పెట్టాడా?